ఆరున్నొక్కటి మీద కొసరు

తెలకపల్లి బాలస్వామి బిడ్డ ప్రేమలతకు కోపం వస్తే గొంతు లేవదు, కళ్లు ఎర్రబడవు. కుడికాలి మడమ ఒక్కటి నేలను టకటకా కొడుతూ ఉంటుంది. ఆ మడమను చూసి నోరు సర్దుకున్నవాళ్లు బతికిపోయారు. ఆమె బ్యాండును నడిపే జగదీశ్‌కు మాత్రం మనుషుల కాళ్ల వైపు చూసే అలవాటు లేదు. గద్వాల దగ్గర ముప్పై ఎకరాల ఆసామి ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో పుట్టినవాడు ఎదుటివాళ్ల కాళ్లు చూడడు, తన కాళ్లు ఎవరు చూస్తున్నారో చూసుకుంటాడు.

ప్రేమలతకు ఇరవై ఏడేళ్లు. నాగర్‌కర్నూల్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని. సోమవారం నుంచి శనివారం దాకా జనం ముక్కుల మీద ఫ్రేములు పెడుతుంది, తీస్తుంది, "మీ మొఖానికి మంచిగ సరిపోయిందన్నా" అని అబద్ధాలు చెబుతుంది. ఆదివారం పొద్దున తెలకపల్లి చర్చిలో డ్రమ్స్ వాయిస్తుంది. చర్చివాళ్లు ఎవరో ఇస్తే డ్రమ్స్ తెచ్చి పెట్టుకున్నారు గానీ వాయించేవాళ్లు లేక ఏడాది పాటు వాటి మీద దుప్పటి కప్పి ఉంచారు. పద్నాలుగేళ్లప్పుడు ఆ దుప్పటి తీసింది ప్రేమలతే. ఇప్పుడు ఆరాధన అయ్యాక ఇంత తిని, బిజినేపల్లి మీదుగా వనపర్తి బస్సెక్కుతుంది. అక్కడ ఎరువుల దుకాణం మీది మేడగదిలో, 'ఎర్రచెలక' అనే బ్యాండులో మళ్లీ డ్రమ్స్. శబ్దం బయటికి పోకుండా ఆ గది గోడలకు గోనె సంచులు, కోడిగుడ్ల అట్టలు కొట్టారు. కింది నుంచి యూరియా వాసన. పాట ఎంత గొప్పగా కుదిరినా, నాలుగు గంటలు వాయించి బయటికొస్తే చేనుకు మందు కొట్టి వచ్చినట్టే ఉంటుంది.

బ్యాండు అంటే ఈ మూడు జిల్లాల్లో పెళ్లి బ్యాండే. ఎర్రచెలక పేరు విని మొదట్లో ఫోన్ చేసినవాళ్లలో సగం మంది "గుర్రం గూడ మీదేనా, మేం వేరే మాట్లాడుకోవాల్నా" అని అడిగినవాళ్లే. వీళ్లు వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. గిటార్లు, డ్రమ్స్ అన్నీ ఉంటాయి గానీ ఒక పల్లవి, రెండు చరణాలు అన్న లెక్క ఉండదు. ఒక్కో పాట పన్నెండు నిమిషాలు సాగుతుంది, నడుమ తాళం మారుతుంది, అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టాక మళ్లీ మొదలవుతుంది. ఊరేగింపులో వాయిస్తే పెళ్లికొడుకు ముసలివాడై గుర్రం దిగుతాడు.

గిటారు జగదీశ్‌ది, పెత్తనమూ జగదీశ్‌దే. బేస్ గిటారు నిరంజన్‌ది. అతను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారు, నెమ్మదస్తుడు. పాడేది అచ్చంపేట నవనీత. డ్రమ్స్ ప్రేమలతవి. ఈ నలుగురూ కలిసి మూడేళ్ల కింద 'తొలి సాలు' అని ఒక ఆల్బం చేశారు. ఇంటర్నెట్‌లో పెడితే ఆరు నెలల పాటు చుట్టాలు కూడా వినలేదు. తర్వాత బెంగళూరులో ఎవరో విన్నాడు, ఇంకొకరికి పంపాడు, అట్లా అట్లా పాకింది. "వీళ్ల తాళం కొంచెం కుంటుతుంది, మజా అంతా ఆ కుంటులోనే ఉంది" అని రాశారు. హైదరాబాదులో పెద్ద వేదిక ఎక్కించారు. పాటల కంపెనీ ఒకటి రెండో ఆల్బం చేసిపెట్టమని కాగితం పంపింది.

ఇంత పేరొచ్చిన ఆల్బం అట్ట మీద 'రచన, స్వరం, తాళం: జగదీశ్' అని ఉంది. మిగిలిన ముగ్గురి పేర్లు కింద 'సహకారం' అని, ప్రేమలత దుకాణంలో చూపు పరీక్షకు వేలాడదీసే పటంలోని చిట్టచివరి వరసంత అక్షరాల్లో ఉన్నాయి. ఆ కుంటు సంగతి విలేఖరి అడిగితే జగదీశ్ "అది నా ఆలోచన సార్" అన్నాడు. డ్రమ్స్ వాయించే అమ్మాయి గురించి అడిగితే, "వాళ్లకు రక్తంలనే ఉంటది సార్, తాతల నాటి నుంచి డప్పు కొట్టినోళ్లు గదా" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు మహానుభావుడు. బాలస్వామి పుట్టి బుద్ధెరిగాక డప్పు ముట్టినవాడు కాదు. పుణేలో, భీవండిలో రోడ్ల పనికి పోయి ముప్పై ఏళ్లు తట్ట మోసినవాడు. ఆ మాట పేపర్లో చదివిన నాడు ప్రేమలత మడమ పొద్దుగూకేదాకా దుకాణం బండల మీద ఆడుతూనే ఉంది.

అయినా బ్యాండు విడవలేదు. మేడగదిలో కర్రలు చేతికొస్తే చాలు, ఆరు రోజుల అబద్ధాలు కడిగేసుకున్నట్టు ఉండేది. ఈ రెండో ఆల్బంలో తన దెబ్బ వినపడాలి, తాళం అన్న మాట పక్కన తన పేరు ఉండాలి. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. జగదీశ్ కూడా "ఈసారి అందరి పేర్లు ఒక్కటే సైజు" అని నలుగురిలో మాట ఇచ్చాడు.

ఆ మాట ఇచ్చిన రోజే ఆల్బం పేరు కూడా చెప్పాడు. "పేరు 'ఏడు'. ఏడు పాటలు, అన్నింటికి ఏడు దెబ్బల తాళం. ఏడు అంటె అంకె, ఏడు అంటె ఏడువుమని గూడ. ఎట్లున్నది?"

"పేరు మంచిగనే ఉన్నది గని ఏడు అనరాదన్నా," అంది ప్రేమలత. "మా అమ్మ అయితె ఆరున్నొక్కటి అంటది."

"బైబిల్ సదివేటోళ్లకు గూడ గీ మూఢనమ్మకాలు ఉంటయా?" అని జగదీశ్ పగలబడి నవ్వాడు.

నవనీత కూడా నవ్వింది. నిరంజన్ మాత్రం నవ్వలేదు. "మా ఇంట్ల గూడ గింజలు కొలిచేటప్పుడు గట్లనే అంటరు. ఒకటి అనరు, లాభం అంటరు. ఏడు అనరు, ఆరున్నొక్కటి అంటరు. కొలిచే కాడ ఏడుపు మాట ఎందుకని," అన్నాడు. "సారూ, పాఠం ఆపు," అన్నాడు జగదీశ్. ఆ పేరు పెట్టిన వేళ ఎట్లాంటిదో గానీ, ఆ తర్వాత ఆ గదిలో ఎవరి మొహమూ తెరిపిగా లేదు.

మొదట నవనీత పోయింది. ఆమెకు అచ్చంపేటలో సర్కారు ఆఫీసు కొలువు వచ్చింది. ఆదివారాలు కూడా ఒక్కోసారి పిలుస్తారని చెబితే, "కొలువా, పాటనా, తేల్చుకో" అన్నాడు జగదీశ్, ఆయనగారే ఏదో జీతమిచ్చి పోషిస్తున్నట్టు. "నీ పాటతోని మా ఇంట్ల పొయ్యి రాజదు గదన్నా," అని ఆమె తేల్చుకుంది. అప్పటికి పాడిన నాలుగు పాటల్లోంచి ఆమె గొంతు మొత్తం తీసేయించాడు. అవసరం లేకపోయినా తీసేయించాడు. అది కక్ష అని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

తర్వాత నిరంజన్. కంపెనీకి పోయే కాగితంలో మళ్లీ 'రచన, స్వరం, తాళం: జగదీశ్' అనే రాసి ఉండటం చూశాడు. "అందరి పేర్లు ఒక్కటే సైజన్నవ్ గదా?" అని అడిగాడు. "సైజు ఒక్కటే పెడ్త. పేరు నాది పెడ్త," అన్నాడు జగదీశ్. నెమ్మదస్తుడికి కోపం వస్తే చూడలేం. నిరంజన్ తన బేస్ పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు. అది ప్రతి మెట్టుకూ తగిలి దబ్బుమంది. కిందికి పోయాక తలెత్తి, "ప్రేమా, నువ్వు గూడ దిగు. ఈడ నీకు గూడ గిదే," అన్నాడు.

ప్రేమలత దిగలేదు. దిగితే ఆ డ్రమ్స్ మీద ఇంకెవరో కూర్చుంటారు. కర్రలు మళ్లీ చేతికి తీసుకుంది.

పోయినవాళ్ల జాగాలో హైదరాబాదు నుంచి శ్రీనాథ్ వచ్చాడు. కీబోర్డు, బేసు, రికార్డింగు అన్నీ అతనివే, అన్నీ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే. మంచిబట్టల మనిషి, మర్యాదస్తుడు, అందర్నీ 'మీరు' అంటాడు. ఆ మర్యాదలో తడి లేదు. వచ్చిన మొదటి రోజే ప్రేమలత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, లోపల టిక్కు టిక్కుమని మోగే క్లిక్కు పెట్టాడు. "మేడమ్, ఇకపై దీనితోనే వాయించాలి. ఏడు క్లిక్కులకు ఒక చుట్టు," అన్నాడు. తొలి సాలుకు క్లిక్కు లేదు. అప్పుడు ప్రేమలత కొట్టడమే క్లిక్కు, మిగతా వాళ్లు ఆమె వెంట పోయేవాళ్లు.

కొట్టింది. మొదటి చుట్టు చివర క్లిక్కు ముందుకు పోయింది, ఆమె వెనక పడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ వెనక పడింది. "ఏడో బీట్ దగ్గర లేట్ అవుతున్నారు మేడమ్," అన్నాడు శ్రీనాథ్, ఇరవై సార్లు, ఒక్కటే గొంతుతో. మూడు ఆదివారాలు అదే వరస. నాలుగో ఆదివారం జగదీశ్ గిటారు కింద పెట్టి లేచాడు.

"ఏడు లెక్కవెట్టరాదా నీకు? లెక్కల సారు పోతపోత లెక్కలు గూడ మూటగట్టుకపోయిండా?"

"నేను సరిగనే కొడ్తున్ననన్నా. ఆ మిషినే తొందరవడ్తుంది."

"షురూ చేసిందిరా ఆరున్నొక్క రాగం!"

ఆరున్నొక్క రాగం అంటే ఏడుపుకు మనవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. ప్రేమలత ఏడవలేదు. ఏడ్చే మనిషైతే ఆమె సంగతి వేరేగా ఉండేది. మడమ మాత్రం డ్రమ్ము పెడలు పక్కన బండను కొడుతూ ఉంది. కొడుతుంటే ఆమెకే ఒక అనుమానం వచ్చింది. మడమ కూడా ఏడో దెబ్బ దగ్గర ఆగి, జరంత సాగి, అప్పుడు తిరిగి మొదటికి వస్తోంది. కోపంలో ఉన్న కాలు కూడా తప్పే కొడుతుందా?

"వచ్చే వారం ఆఖరు సారి చూస్త. రాకపోతె వేరే పిల్లగాన్ని జూసుకుంట," అన్నాడు జగదీశ్. హైదరాబాదులో డ్రమ్స్ వాయించేవాళ్లు గల్లీకి నలుగురు దొరుకుతారని కూడా అన్నాడు.

ఆ వారం దుకాణానికి సెలవు పెట్టి తెలకపల్లిలో ఇంటి దగ్గరే ఉంది. విత్తనం రోజులు. ఆమె తల్లి రాధమ్మ రెండెకరాలు కౌలుకు చేస్తుంది. చేతి గింజ మంచిదని పేరు. ఊళ్లో ఎంతమంది ఎలక్ట్రిక్ కాంటాలు పెట్టుకున్నా, విత్తనం పల్లికాయ కావాలంటే రాధమ్మ దగ్గరికే వస్తారు, రాధమ్మ మానికతోనే కొలిపించుకుంటారు. వాళ్లింట్లో ఒక పాత గంప ఉంది. ఏడు మానికలు పోస్తే అది నిండుతుంది. నిండిన గంపను సంచిలోకి ఒంపి, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. చిన్నప్పుడు ప్రేమలత ఆ కొలత పక్కనే ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని, కందికట్టెతో కొడుతూ ఆడుకునేది.

ఆ రోజు పక్కింటి తిరుపతమ్మ ఒక్క గంప పల్లికాయకు వచ్చింది. రాధమ్మ గంప ముందర కూర్చుని మానిక ముంచింది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొక్కటీ."

గడప మీద కూర్చున్న ప్రేమలత వేళ్లు మోకాలి మీద వాటంతటవే పడ్డాయి. ఒక్కో అంకెకు ఒక్కో దెబ్బ. రెండు, మూడు, నాలుగు గబగబా వచ్చి పోతాయి. ఆరున్నొక్కటి అంత పొట్టి మాట కాదు. నోరు తిరగాలి, మానిక నిండుగా రావాలి, గంప అంచు సర్దాలి. ఆ మాట ముగిసేదాకా చేయి ఆగుతుంది. ఏడో దెబ్బ అర దెబ్బ మేర సాగుతుంది. మిషిను ఏడు అనుకుంటోంది, తను ఆరున్నొక్కటి అనుకుంటోంది. తేడా అంతా అక్కడుంది!

"అమ్మా, ఇంకోపాలి లెక్కవెట్టు."

"కొలిచినంక మల్ల ఏందే?"

"జర లెక్కవెట్టమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"ఉత్త చేతులతోని నాకు లెక్క రాదు," అని రాధమ్మ కొలిచిన గంపను మళ్లీ కుప్పలో ఒంపింది. తిరుపతమ్మ లబోదిబోమంది, తన గింజలు ఏం చేస్తున్నారో అర్థం కాక. రాధమ్మ కొలిచింది, ప్రేమలత స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. అట్లా మూడు సార్లు కొలిపించాక తిరుపతమ్మ గంప లాక్కుని, "మీ పిల్లకు దయ్యం వట్టింది, పాస్టరుకు చూపియ్యి," అని వెళ్లిపోయింది.

ప్రేమలతకు ఆ సంతోషం పట్టనలవి కాలేదు. తన చేతికి రోగం లేదు, తనకు లెక్క రాకపోవడం లేదు. వీళ్లంతా మెచ్చుకున్న ఆ కుంటు, జగదీశ్ తన ఆలోచన అని చెప్పుకున్న ఆ కుంటు, రాధమ్మ నోటి మాట. రక్తమూ కాదు, డప్పూ కాదు. ఈ మాట వింటే అందరి నోళ్లూ మూతపడతాయని ఆదివారం బస్సులో వనపర్తి దాకా నవ్వుకుంటూ పోయింది. పిచ్చిది. ఇంటి గుట్టు తీసుకుపోయి వాళ్ల చేతిలో పోసి వస్తున్నానని తట్టలేదు.

మేడగదిలో అంతా విడమరిచి చెప్పింది. అంకెలు అంటూ కొట్టి చూపింది. శ్రీనాథ్ కళ్లు మెరిశాయి. "అంటే ఏడు కాదు మేడమ్, ఏడున్నర! సగాలు చేస్తే పదిహేను!" అని ల్యాప్‌టాప్ ముందుకు జరిగాడు. "ఒక్క చుట్టు కొట్టండి... ఇంకొకటి... చాలు." స్నేరు అనే చిన్న డ్రమ్ము దెబ్బ ఒకటి, పెద్ద డ్రమ్ము దెబ్బ ఒకటి, సింబల్ పళ్లెం దెబ్బ ఒకటి విడివిడిగా కొట్టించుకున్నాడు. టీ తాగి వచ్చేసరికి మిషిను తనంతట తనే కొడుతోంది. ఆరున్నొక్కటి దగ్గర సరిగ్గా అర దెబ్బ సాగి, మళ్లీ లాభానికి వస్తోంది. దెబ్బలు ఆమెవే. కొట్టేది ఆమె కాదు.

జగదీశ్ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచి, "మస్తు పని చేసినవ్ ప్రేమా," అన్నాడు. "ఇగ నువ్వు ప్రతి ఆదివారం బస్సులల్ల వడి రావాల్సిన పని లేదు. పరేషాన్ గాకు, మేం జూసుకుంటం."

ప్రేమలత అర్థం కానట్టు చూసింది. "మరి డ్రమ్సు?"

"వచ్చేసినయ్ గదా," అని ల్యాప్‌టాప్ చూపించాడు. అతని గొంతులో మోసమేమీ లేదు. ఉపకారం చేస్తున్నవాడి గొంతే ఉంది. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది. చెంప మీద ఒకటి ఇచ్చినా బాగుండేది. కర్రలు సంచిలో వేసుకుని మెట్లు దిగింది. ఆ మెట్ల మీద నిరంజన్ బేస్ పెట్టె చేసిన గీతలు ఇంకా ఉన్నాయి.

నిరంజన్ ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి అద్దాలు బాగుచేయించుకుంటూ సంగతంతా విన్నాడు. "ఏరు దాటెదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. నేను చెప్తనే ఉంటి," అన్నాడు. ముందే చెప్పానన్న మాట వల్ల ఎవరి కడుపూ చల్లబడదు. ప్రేమలత అతని ఫ్రేము స్క్రూ కొంచెం గట్టిగానే బిగించింది.

నెల పోయాక జగదీశ్ ఒక పాట ఫోనుకు పంపాడు. పాట పేరు 'ఆరున్నొక్కటి'. మూఢనమ్మకం ఇప్పుడు పాట పేరైంది. కింద, 'ఎట్లుంది? మిషిన్ అని ఎవ్వరు గుర్తువట్టరు' అని రాశాడు, నవ్వే బొమ్మ ఒకటి జతచేసి. ఆ రోజు శనివారం, దుకాణం మధ్యాహ్నమే మూశారు. ప్రేమలత ఇంటికొచ్చి గడప మీద కూర్చుని ఆ పాట పెట్టింది. రాధమ్మ కుప్ప ముందర తాలు ఏరుతోంది. అంతకు ముందెన్నడూ ఆమె బిడ్డ బ్యాండు పాటలు వినలేదు. ఒకసారి వినిపించబోతే, కొట్లాట చప్పుడులా ఉందని లేచిపోయింది.

ఈసారి లేవలేదు. తల ఎత్తి చెవి రిక్కించింది.

"ఎవరో కొలుస్తున్నరు గదనే?"

ప్రేమలత ఫోను ఆమె దగ్గరికి జరిపింది. అమ్మకు చదువు లేదు, గిటారు తెలియదు, అంత రొదలో కొలత పట్టేసింది. రాధమ్మ పెదాలు కదిలిస్తూ పాట వెంట లెక్క పెట్టింది. లాభం, రెండు, మూడు. ఒక గంప అయింది. రెండో గంప, మూడో గంప. నాలుగో గంప ఆరున్నొక్కటి అయ్యేసరికి ఆమె రెండు చేతులూ దగ్గరికి వచ్చి, కుప్పలోంచి దోసెడు పల్లికాయ తీసి ముందుకు చాచాయి. పాట ఆగలేదు. మళ్లీ లాభం అంటూ ఐదో గంపకు పోయింది. దోసిలి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"కొసరేదే?" అంది రాధమ్మ.

"ఏంది?"

"నాలుగు గంపలైతె సంచి నిండుతది. సంచి మూతి కట్టెటప్పుడు కొసరు ఎయ్యాలె గదా. ఎయ్యకుంట మల్ల లాభం అంటుండు. ఎవడో పిసినిగొట్టోడు కొలిచిండు."

ప్రేమలత ఆ పాట ఆపి, తొలి సాలు పెట్టింది. మూడేళ్ల కింద తన చేత్తో కొట్టినది. లాభం నుంచి ఆరున్నొక్కటి దాకా నాలుగు చుట్లు. నాలుగో చుట్టు చివర స్నేరు అంచు మీద వేళ్లు జార్చినట్టు ఒక చిన్న జల్లు. దోసిట్లోంచి కాయ రాలిన చప్పుడు. రాధమ్మ చేతులు అప్పుడే తెరుచుకున్నాయి. పల్లికాయ కుప్ప మీద జలజలా పడింది. "గిది కొలత," అంది రాధమ్మ. "ఇది కొలిచినోళ్లది చెయ్యి మంచిది."

అది కూడా తనే కొట్టిందని ప్రేమలతకు అప్పటిదాకా తెలియదు. చేతికి తెలుసు, ఆమెకు తెలియదు. తిరుపతమ్మ కొన్నది ఒక్క గంపే. సంచి నిండలేదు, కొసరు పడలేదు, అందుకే ఆ రోజు అది గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి ఉంటే అదీ సంబరంగా తీసుకుపోయి శ్రీనాథ్ ముందర పోసేదే. ఆ మాట తలుచుకుని ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పల్లికాయ ఇంకా ఏరుతుండగానే ఫోను మోగింది. జగదీశ్.

"ప్రేమా, పాట విన్నవా?"

"విన్ననన్నా."

"అంతా కుదిరింది గని ఏదో తక్కువైతుంది. కంపెనీ వాళ్లు గూడ గదే అంటున్నరు. తొలి సాలుల నాలుగు సుట్లకొకపాలి జల్లుమంటది సూడు, శ్రీనాథ్ అది కోసి పెడితె అతుకుతలేదు. ఒకపాలి ఎక్కువుంటది, ఒకపాలి తక్కువుంటది. దాని లెక్క ఏంది?"

ప్రేమలత తల్లి దోసిలి వైపు చూసింది. ఏ రెండు దోసిళ్లూ ఒక్కటిగా ఉండవు. ఎదుట ఎవరు నిలబడ్డారో చూసి చేయి కొలుస్తుంది, దానికి లెక్క ఎక్కడిది?

"నన్ను రమ్మంటున్నవా అన్నా?"

"ఒక్క గంట వచ్చి కొట్టిపో, చాలు."

"అట్ట మీద తాళం కాడ నా పేరు వేస్తవా?"

"అట్ట అచ్చుకు పోయింది ప్రేమా. ధన్యవాదాలల్ల పెడ్త. చిన్నగ పెట్టనియ్య, పెద్దగనే పెడ్త. ముందుగాల నువ్వు గా జల్లు సంగతి చెప్పు. ఏడ వడ్తది, ఎంత వడ్తది? శ్రీనాథ్ రాసుకుంటడు, పక్కనే ఉన్నడు."

వెళ్తే ఆ గదిలో, ఆ స్టూలు మీద, ఒక గంట కూర్చోవచ్చు. తన చేతి చప్పుడు ఆల్బంలో నిజంగా ఉంటుంది. మూడేళ్లుగా కోరుకున్నది అదే కదా. వెళ్లకపోతే ఇక ఆ మెట్లు ఎక్కేది లేదు. ప్రేమలతకు రెండూ తెలుసు. ఆమె మడమ నేల మీద కదలకుండా ఉంది.

"దాన్ని కొసరు అంటరన్నా," అంది. "కొన్నోనికి ఏస్తరు. గుంజుకపోయినోనికి ఎయ్యరు."

ఫోను పెట్టేసి, చాటలో ఇన్ని కాయలు పోసుకుని తల్లి పక్కన కూర్చుంది.

"ఎవరే ఫోన్ల?" అడిగింది రాధమ్మ.

"గద్వాలాయన. పల్లికాయకు."

"ఎన్ని గంపలు గావాల్నంట?"

"గంపలు వద్దంట. కొసరొక్కటే గావాల్నంట."

రాధమ్మ ఏరడం ఆపి బిడ్డ మొహం చూసింది. "కొసరు బేరానికొచ్చెటోన్ని ఈ ముప్పై ఏండ్లల్ల నేనైతె సూడలే," అని మానిక బోర్లించి పెట్టింది.